ఎడమ నలభైఒకటి, కుడి నలభైమూడు

మార్లిస్ ఎవరింటికి వెళ్లినా ముందు మనిషి ముఖం చూడదు. ఇంటి వెనక్కి వెళ్లి నూనె ట్యాంకును వేలి కణుపుతో తట్టి చూస్తుంది. "మొన్ననే నింపించాం" అని ఇంటివాళ్లు వెనకాలే వచ్చి చెబుతుంటారు. ఆమె వింటూనే పైనుంచి కిందికి తట్టుకుంటూ పోతుంది. ట్యాంకు అడుగుదాకా బోలుగా మోగిందంటే ఆమె ముఖంలో ఒక తృప్తి కనిపిస్తుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పాతికేళ్లుగా ఇళ్లు వెచ్చబెట్టే నూనె పొయ్యిలు బాగుచేస్తున్న మనిషి. సున్నాకు కింద నలభై డిగ్రీల చలిలో పొయ్యి ఆరిపోయినవాడు ఎంత ఒట్టు పెట్టుకున్నా సగం అబద్ధమే చెబుతాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

అలాంటి మనిషి బూట్లు కొనడానికి వచ్చిందంటే అంగడివాడికి ఆ పూట మరో బేరం ఉండదు. మంచుదారుల్లో లావు టైర్ల సైకిల్ తొక్కడానికి, నీళ్లు రాని, కాలు వెచ్చగా ఉంచే బూట్లు కావాలని నాలుగు చలికాలాలుగా ఆమె సైకిళ్ల అంగడికి వస్తూనే ఉంది, ఉత్తచేతులతో పోతూనే ఉంది. ఈ జనవరిలోనూ వచ్చింది. అంగడి నడిపే గస్ దేవుణ్ణి తలుచుకుని పెట్టె మూత తీశాడు.

"కొత్తగా వచ్చాయి మార్లిస్. నూటికి నూరుపాళ్లు నీళ్లు రావు. సున్నాకు కింద ముప్ఫైలో కూడా కాలు వెచ్చగా ఉంటుంది."

"ఎవరి కాలు?"

"ఎవరి కాలేంటి?"

"ముప్ఫైలో ఎవరి కాలు వెచ్చగా ఉంది? పేరు చెప్పు, వెళ్లి అడుగుతా."

గస్ అట్ట మీది అక్షరాలు చూపించాడు. ఆమె వాటిని చదవను కూడా చదవలేదు. బూటు లోపల ముంజేయి దాకా చెయ్యి దూర్చి, కుట్లన్నీ తడిమింది.

"బయటి నీళ్లు లోపలికి రావు, సరే. లోపల పట్టిన చెమట ఎటు పోతుంది? అదీ నీళ్లే కదా. నువ్వు తాళం వేసి పెడితే అది నా వేళ్ల మధ్యనే గడ్డకడుతుంది."

"లోపలి ఉన్ని తొడుగు బయటికి వచ్చేస్తుంది. రోజూ ఆరబెట్టుకోవచ్చు."

అది ఆమెకు నచ్చింది. నచ్చిన సంగతి ముఖంలో కనబడనివ్వలేదు. బూటు తిప్పి అడుగు చూసింది.

"ఈ చిల్లులేంటి మరి?"

"పెడల్‌కి బిగించుకునే ఇనుప బిళ్ల కోసం. కావాలంటేనే."

"నీళ్లు రావంటావు, అడుగున చిల్లులు పెడతావు, అందులో ఇనుము బిగించమంటావు. చలికి దారి చూపించి, పీట వేసి మరీ కూర్చోబెడుతున్నావయ్యా!"

ఇంత గోల చేసినా తొడిగి చూసింది. ఎడమకాలికి నలభైఒకటో కొలత బూటు సరిగ్గా సరిపోయింది. కుడికాలు అందులోకి దిగలేదు. నలభైమూడు తెప్పించుకుంటే కుడికాలు హాయిగా దిగింది. రెండు మందపాటి మేజోళ్లు వేసుకున్నా వేళ్లు ఆడించడానికి చోటు మిగిలింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆమెకు తిట్టడానికి ఏమీ దొరకలేదు.

"సరే. ఇదొకటి, ఇదొకటి ఇచ్చెయ్యి."

"జతగానే అమ్ముతాం మార్లిస్. కావాలంటే రెండు జతలూ తీసుకోండి."

"అదీ సంగతి! నా కాలు చూసి రెండు జతలు అంటగడదామని కాచుకుని కూర్చున్నావు."

"పోనీ నలభైఒకటే తీసుకుని, కుడికాలికి సన్న మేజోడు..."

"ఇరుకు బూటు తొడుక్కోవడం కన్నా ఉత్తికాలే నయం! ఇరుకు బూట్లో రక్తం ఆడదు, కాలు చస్తుంది. ఈ ఊళ్లో పుట్టి ఆ మాత్రం తెలీదా నీకు?" అని ఆమె అంగడంతా వినబడేలా అరిచింది. టైర్ల వరసల దగ్గర ఎవరో నవ్వారు. మార్లిస్ అటు తిరిగింది. నవ్వినవాళ్ల వెనకాల, చేతిలో ఒక పాత ట్యూబు పట్టుకుని, ఒకప్పుడు ఆమెతో కలిసి సైకిల్ తొక్కిన వెండెల్ నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. అతన్ని చూడగానే ఆమె నోరు మూసుకుని, తన పాత బూట్లు తొడుక్కుని బయటికి వచ్చేసింది.

ఆ కుడికాలి కథ ఊరందరికీ తెలుసు. తెలుసని ఊరు అనుకుంటుంది.

ఏటా మార్చిలో ఊళ్లోని సైకిలువాళ్లు పదిహేను ఇరవై మంది ముప్ఫై మైళ్లు మంచుదారిలో తొక్కుకుంటూ కొండల్లో ఉన్న దుంగల గుడిసెకు వెళతారు. ఒక రాత్రి ఉండి వస్తారు. గుడిసెలో ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో పేరు రాస్తారు. మార్లిస్ పేరు వరసగా పదిహేడేళ్లు ఉంది, ఆమె పేరు కిందే వెండెల్ పేరు. ఇద్దరూ కలిసే తొక్కేవాళ్లు. గుడిసెకు ఎనిమిది మైళ్ల ముందు ఒక వాగు దాటాలి. చలి ముదిరితే వాగు మీది మంచుపలక పగిలి కింది నీళ్లు పైకి పొంగుతాయి, వాటి మీద మళ్లీ మంచు కురుస్తుంది. పైకి చూస్తే తెల్లగా, చదునుగా, అమాయకంగా ఉంటుంది. కాలు పెడితే మోకాలి లోతు నీళ్లు. అక్కడివాళ్లు దాన్ని పొంగు అంటారు. కర్రతో పొడిచి చూడకుండా ఎవరూ దాటరు.

నాలుగేళ్ల కిందట వెండెల్ ముందు దాటాడు. అవతలి ఒడ్డు నుంచి "గట్టిగానే ఉంది, రా" అన్నాడు. ఆమె వెళ్లింది. రెండడుగులు పక్కగా వెళ్లిందేమో, సైకిల్ ముందు చక్రం దిగబడింది, కుడికాలు మోకాలి దాకా దిగింది, బూటు నిండా నీళ్లు. తర్వాత ఎనిమిది మైళ్లు తొక్కాలి. రెండు వేళ్ల కొసలు పోయాయి. మిగిలిన పాదం వాచి, ఆ వాపు ఇక దిగలేదు. "ఇంకొక్కసారి తడిసి గడ్డకట్టిందా, సగం పాదం తీసెయ్యాల్సి ఉంటుంది" అన్నాడు డాక్టరు. "కర్రతో పొడవకుండా నోటితో చెప్పాడు" అని మార్లిస్ ఊరంతా చెప్పింది. ఆ రోజు నుంచి గుడిసెకు వెళ్లలేదు, వెండెల్‌తో మాట్లాడలేదు.

ఆమె చెప్పని ముక్క ఒకటి ఉంది. ఆ దేశంలో తోడున్నవాడి కాలు గడ్డకడితే చొక్కా పైకెత్తి ఆ పాదాన్ని తన ఉత్తపొట్టకు ఆనించుకుంటారు. అందులో ఆడా మగా లేదు, సిగ్గూ లేదు. గుడిసెలో వెండెల్ మోకాళ్ల మీద కూర్చుని చొక్కా ఎత్తి "కాలిటియ్యి" అన్నాడు. "నీ మాట నమ్మి నీళ్లలో దిగింది చాలదా? నా కాలు ముట్టుకోకు" అంది ఆమె. కోపంతో ఒక మూల కూర్చుని, తన కాలు తనే పట్టుకుని రుద్దుకుంది. రుద్దకూడదని ఆమెకు తెలుసు. ఆ కొసలు నీళ్లలో పోయాయా, ఆ మూల పోయాయా అని నాలుగేళ్లుగా ఒక్కతే ఆలోచించుకుంటూ ఉంది.

అంగడిలో గొడవ జరిగాక మూడో శనివారం మార్లిస్ చెత్త పారేయడానికి వెళ్లింది. చెత్త తొట్ల పక్కనే పైకప్పు ఉన్న చెక్క అరుగు ఒకటి ఉంటుంది. తమకు అక్కర్లేక, పారేయడానికి మనసొప్పనివన్నీ జనం దాని మీద పెట్టిపోతారు. పెట్టినవాడు చెప్పడు, తీసుకున్నవాడు అడగడు. పాత పొయ్యిల భాగాలు దొరుకుతాయని ఆమె వారం వారం దాన్ని గాలిస్తుంది. ఆ రోజు విరిగిన కుర్చీకీ గుడ్డలమూటకీ మధ్య ఒక అట్టపెట్టె కనబడింది. మూత తీస్తే బూట్లు. అవే బూట్లు. మంచు తాకనైనా తాకని కొత్తవి. ఎడమది తిప్పి చూసింది, నలభైఒకటి. కుడిది తిప్పి చూసింది, నలభైమూడు.

వేరొకరైతే ఎగిరి గంతేసేవారు. మార్లిస్ ముందు చుట్టూ చూసింది. అరుగు కిందికి వంగి చూసింది. ఆగి ఉన్న రెండు ట్రక్కుల్లో ఎవరైనా కూర్చుని నవ్వుతున్నారేమో చూసింది. ఎవరూ లేరు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

పెట్టెను ఇంటికి తెచ్చింది గాని లోపలికి తేలేదు, వాకిలి గదిలోనే పెట్టింది. పక్కింటి ఐడెల్లా కాఫీకని వచ్చి, పెట్టె చుట్టూ తిరుగుతున్న మార్లిస్‌ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఐడెల్లాకు డెబ్భైరెండేళ్లు, ఎవరినీ లెక్కచేసే వయసు దాటిపోయింది.

"ఏమే, లోపల పామేమైనా ఉందా?"

"ఇలాంటి కాళ్లు ఈ ఊళ్లో నాకొక్కదానికే ఉన్నాయి. సరిగ్గా నా కాళ్లకు సరిపోయే బూట్లు, సరిగ్గా నేను వెళ్లే రోజున, చెత్త దగ్గర ఎందుకుంటాయి?"

"దేవుడు పంపించాడనుకో."

"దేవుడికి నా కాలి కొలత ఎవరిచ్చారు? దొంగసరుకైనా అయ్యుండాలి, లోపల చిల్లైనా ఉండాలి. లేకపోతే నా కాలిని చూసి నవ్వడానికి ఎవడో ఆడుతున్న ఆట."

"నిన్ను చూసి నవ్వడానికి నాలుగొందల డాలర్లు ఎవడు తగలేస్తాడే? కోడిగుడ్డుకి ఈకలు పీకకు. తొడుక్కో."

"చూడు, ఈ అడుగున చిల్లులు. పూడ్చేశారు." మార్లిస్ బూటు ఆమె ముక్కు కిందికి తెచ్చింది. అడుగునున్న చిల్లుల్లో బూడిదరంగు జిగురు నింపి, ఎవరో బొటనవేలితో నున్నగా అదిమారు. "ఇంత శ్రద్ధగా పూడ్చినవాడు తెచ్చి చెత్తలో పెడతాడా?"

ఐడెల్లా కాఫీ తాగి, "నీకు పెళ్లెందుకు కాలేదో ఇప్పుడర్థమైంది" అని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే మార్లిస్ నీళ్లతొట్టి నింపింది. ఆమె ఇంటికి కుళాయి లేదు. తొట్టెడు నీళ్లంటే ఊళ్లోకి వెళ్లి డబ్బాల్లో పట్టి తెచ్చుకున్న వారం నీళ్లు. వాటినే పోసేసింది. బూట్లలో పాత పత్రికలు కుక్కి, బరువుకు ఇనుప గొట్టాలు పెట్టి, పై అంచు మునగకుండా నీళ్లలో దించింది. సాయంత్రం తీసి చూస్తే కాగితాలు పొడిగా గలగలలాడాయి. వేడినీళ్ల సీసా లోపల పెట్టి బూట్లను గుమ్మం బయట నిలబెట్టి, పొయ్యిలకు వాడే ఉష్ణమాపకం తీగ దూర్చి గంటగంటకూ అంకెలు రాసుకుంది. అంకెలు బాగున్నాయి. ఇంత బాగుండకూడదే అనుకుని ఉష్ణమాపకాన్ని మార్చి మళ్లీ చూసింది.

సోమవారం గస్‌కి ఫోన్ చేసింది. "మీ అంగట్లో బూట్లేమైనా పోయాయా?"

"లేదు లేదు, ఏం పోలేదు. అన్నీ డబ్బిచ్చి కొన్నవే" అన్నాడు గస్ తడబడుతూ.

"కొన్నారో లేదో నేనడిగానా?"

"అంటే... పోలేదంటున్నా." అవతల ఫోన్ పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని వాలకం. ఊళ్లో ఎవరు చేసి ఉంటారని ఆమె ఒక్కొక్కరినీ తలుచుకుంది. వెండెల్ కూడా తలపుకొచ్చాడు, వచ్చినంత తొందరగానే పోయాడు. అతని సైకిల్ ట్యూబులో ట్యూబు కన్నా అతుకులే ఎక్కువ. చిరిగిన చేతితొడుగును కూడా పారేయలేని మనిషి, రెండు జతల బూట్లు కొంటాడా?

ఎంత అనుమానమైనా కాలికి ఏం చెబుతాం? నది గడ్డకట్టి ఊరి మధ్యగా తెల్లగా పరుచుకుని ఉంది. పనయ్యాక బూట్లు తొడుక్కుని, జేబులో పొడి మేజోళ్లు, ప్లాస్టిక్ సంచులు పెట్టుకుని, నది మీద మైలు దూరం తొక్కి వచ్చింది. మర్నాడు రెండు మైళ్లు. ఫిబ్రవరి గడిచేసరికి పన్నెండు మైళ్లు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ మేజోడు విప్పి, కొసల్లేని రెండు వేళ్లనూ దీపం దగ్గర పెట్టి చూసుకునేది. ఎర్రగా, వెచ్చగా ఉండేవి. ఒకరోజు వాటిని చూస్తూ ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి, వెంటనే తన మీద తనకే అనుమానం వేసింది.

మార్చి సవారీ జాబితాలో పేరు రాసింది. పైన వెండెల్ పేరుంది. ఉంటే ఉండనీ అనుకుంది. బూట్లు ఎవరూ మార్చకుండా రెండింటి కట్లకూ ఎర్ర కరెంటు తీగ ముక్క చుట్టింది.

సవారీ రోజు పొద్దున సున్నాకు కింద పదిహేను. వెండెల్ మొదటినుంచీ వెనకబడ్డాడు. బూట్లు కనబడకుండా మోకాళ్ల నుంచి పాదాల దాకా గుడ్డ తొడుగులు కట్టుకున్నాడు. ఎక్కడపడితే అక్కడ సైకిల్ దిగి, కుడికాలిని నేలకేసి తాటించి మళ్లీ ఎక్కుతున్నాడు. నా కుంటి కాలు గుర్తుచేయడానికి వేస్తున్న వేషం అనుకుంది మార్లిస్.

వాగు దగ్గర ముందు వెళ్లినవాళ్లు ఆమె కోసం ఆగలేదు. వాళ్ల జాడలు ఒకచోట నీళ్లతో నిండి, మళ్లీ పలచగా పేరుకుంటున్నాయి. పొంగు. ఆమె కర్ర విరిచి పొడిచింది. మెత్తగా దిగింది. పక్కన పొడిచింది. అక్కడా దిగింది. అక్కడినుంచి వెనక్కి తిరిగితే ఇరవైరెండు మైళ్లు, ముందుకెళితే ఎనిమిది. వెనకనుంచి వెండెల్ వచ్చి ఆగాడు. నాలుగేళ్లలో మొదటి మాట మాట్లాడాడు.

"నేనేం చెప్పను. నువ్వే పొడిచి చూసుకో."

"నువ్వు చెప్పినా వినను" అని, సైకిల్ భుజాన వేసుకుని ఆమె దిగింది.

నీళ్లు మడమ దాటి పిక్కల సగం దాకా వచ్చాయి. బూటు చుట్టూ బరువుగా నొక్కాయి. ప్రతి అడుగుకీ లోపల వేళ్లు ఆడించి చూసుకుంది. ఇప్పుడొస్తాయి, ఇదిగో ఇప్పుడొస్తాయి అనుకుంటూనే పదకొండు అడుగులు వేసింది. ఒడ్డెక్కి బూట్లు తాటిస్తే పైన పేరుకున్న మంచు పెంకుల్లా రాలింది. లోపల పొడిగా ఉంది. ఆమె పెద్దగా నవ్వింది, వెనక ఎవరున్నారో మరిచిపోయి. వెనక్కి తిరిగి చూస్తే వెండెల్ కూడా నవ్వుతున్నాడు. వెంటనే నవ్వు ఆపేసి పెడల్ మీద కాలు పెట్టింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే గుడిసె చేరింది. వాకిలి గదిలో అందరి బూట్ల పక్కన తనవీ విప్పి, ఎర్ర తీగలు చూసుకుని లోపలికి వెళ్లింది. దుప్పిమాంసం పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. పుస్తకంలో పేరు రాసింది. వెండెల్ గంట ఆలస్యంగా వచ్చాడు. పొయ్యి దగ్గరికి రమ్మని అందరూ పిలిచినా రాలేదు. మూలనున్న బల్ల మీద కూర్చుని, కాళ్లు కిందికి ముడుచుకుని దుప్పటి కప్పుకున్నాడు. ఏం దాస్తున్నాడో అనుకుంది మార్లిస్.

కట్టెలు తేవడానికి వాకిలి గదిలోకి వెళ్లి, అలవాటుగా తన బూట్ల వైపు చూసింది. ఎర్ర తీగలు ఉన్నాయి. గుమ్మానికి అవతల, వెండెల్ విప్పేసిన గుడ్డ తొడుగుల పక్కన అచ్చం అలాంటి బూట్లే ఇంకో జత. తీగల్లేవు. ఆమె వంగి ఎడమది తిప్పింది. నలభైమూడు. కుడిది తిప్పింది. నలభైఒకటి. అడుగున చిల్లుల్లో బూడిదరంగు జిగురు, దాని మీద బొటనవేలి నొక్కు.

పదిహేడేళ్లు కలిసి తొక్కింది, అతని కాలు నలభైరెండని ఆమెకు తెలుసు. కుడి బూటులో చెయ్యి పెట్టింది. కాలు పట్టడానికి లోపలి ఉన్ని తొడుగు తీసేశాడు. సన్నటి నూలు మేజోడు ఒక్కటే ఉంది, అట్టలా బిగుసుకుపోయి. రెండు జతలూ కొని, సరిపోయేవి ఆమె వెళ్లే శనివారం అరుగు మీద పెట్టాడు. మిగిలినవి పారేయడానికి చేతులు రాలేదు, వేరేవి కొనడానికి డబ్బు మిగిలి ఉండదు. ముప్ఫై మైళ్లు వాటితోనే తొక్కాడు. దాన్నే ఆమె వేషం అనుకుంది.

కట్టెలు అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది. అతని ముందు నేల మీద కూర్చుంది.

"కాలిటియ్యి."

"ఏం లేదు. బాగానే ఉంది."

"గట్టిగానే ఉందంటావు. ఆ మాట నేనొకసారి విన్నా."

దుప్పటి లాగేసింది. నాలుగు వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆమె వేలి కణుపుతో మెల్లగా తట్టి చూసింది. పైపైనే బిగుసుకున్నాయి, లోపల ఇంకా మెత్తగా ఉంది. స్వెటర్ పైకెత్తి, ఆ పాదాన్ని తన ఉత్తపొట్టకు ఆనించుకుంది. చలికి ఊపిరి ఒక్కసారి ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తొడుక్కునేదానివా?"

"లేదు." అతని మడమ పట్టుకుని అడిగింది. "ఆ రోజు కర్రతో పొడిచావా?"

వెండెల్ తల దించుకున్నాడు. "పొడవలేదు. తొందరగా పొయ్యి దగ్గర పడదామనుకున్నా."

"తెలుసు" అంది. తర్వాత తల తిప్పి, పులుసు గరిటె పట్టుకుని నిలబడిపోయినవాళ్లందరికీ వినబడేలా చెప్పింది. "ఆ రోజు ఇక్కడే, ఇలాగే పొట్ట చూపించి కాలిమ్మన్నాడు. నేనే ఇవ్వలేదు. ఆ ముక్క నేనెవరికీ చెప్పలేదు."

ఎవరో వెళ్లి ఆమె వదిలేసిన కట్టెలు తెచ్చి పొయ్యిలో వేశారు. కొంతసేపటికి వెండెల్ పళ్లు కరుచుకున్నాడు.

"మంట పుడుతోంది."

"పుట్టనీ. ఎన్ని వేళ్లు తెలుస్తున్నాయి?"

"నాలుగూ తెలుస్తున్నాయి. ఇంక చాల్లే, వదిలెయ్యి."

మార్లిస్ నమ్మలేదు. కాలిని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, స్వెటర్ కిందికి దించి, అలాగే కూర్చుంది.